వాలు నేల మీద మంచం

పొద్దుగూకాక మా అమ్మ నీళ్లు తాగడం మానేసిందని మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. మాది మేనరికం. అమ్మ తనకు మేనత్త. అందుకే అమ్మ సంగతులు నాకంటే ముందు తనకే తెలుస్తాయి.

"రాత్రి లేవాల్సొత్తాదని అత్త నీళ్లు ముట్టట్లేదు బావా," అంది ఒకరోజు నాకు అన్నం వడ్డిస్తూ.

అమ్మ ఏళ్ల తరబడి బజారులో నేల మీద కూర్చుని చేపలు అమ్మింది. మోకాళ్లు అరిగిపోయాయి. చాప మీద పడుకుంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి, లేకపోతే లేవలేదు. మమ్మల్ని నిద్ర లేపడం ఆమెకు నామోషీ. అందుకని దాహం చంపుకుంటోంది.

మంచం కొనేద్దాం అంది మా ఆవిడ. నేను గాజువాకలో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్ని. యంత్రాలను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టేవాణ్ణి, కన్నతల్లికి మంచం కొనడమేమిటి? పైగా దుకాణాల్లో మంచాలన్నీ ఎత్తు, అమ్మ పొట్టి. మంచి సాకు దొరికింది. ఓడల్లో వచ్చిన యంత్రాల పెట్టెలు విప్పేశాక ఆ చెక్క తుక్కు దుకాణాలకు చేరుతుంది. మేకులు పీకి చిత్రిక పడితే తెల్లగా తేలుతుంది. అదే ఆటోలో వేసుకొచ్చాను. కాళ్లకు పొట్టి కోళ్లు, చుట్టూ పట్టెలు, మీద అడ్డంగా పలకలు. అంతే మంచం.

సెలవు రోజుల్లో వాకిట్లోనే పని. ఇనుముకు అలవాటైన చేతికి చెక్క లొంగదు. గట్టిగా బిగిస్తే చీలుతుంది, మెల్లగా బిగిస్తే ఊగుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను ఉలి విసిరేస్తే మా ఆవిడ తెచ్చి మళ్లీ చేతిలో పెట్టేది. దారిన పోయే ప్రతివాడూ ఆగి ఒక సలహా పారేసి పోయేవాడు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వంకలు పెట్టేది. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజులు బాగున్నాయి. అమ్మ కోసం చెమటోడ్చే పని చాలాకాలానికి దొరికింది.

మంచం తయారయ్యాక తలవైపు లోపలి గోడకు ఆనించి వేసి, మీద వాలు చూసే రసమట్టం పెట్టాను. గాజు గొట్టంలో బుడగ మధ్యన నిలవలేదు. మా ఇంటి నేల గుమ్మం వైపు వాలుగా ఉంటుంది. యంత్రానికైతే కింద రేకుముక్కలు పెట్టి సరిచేస్తాం. ఇది చెక్కే కదా అని నేను కోళ్లనే నేలకు తగ్గట్టు కోశాను. తలవైపువి పొట్టి, కాళ్లవైపువి పొడుగు. బుడగ బుద్ధిగా మధ్యకొచ్చి నిలబడింది. చూసుకుని మురిసిపోయాను.

అమ్మ వచ్చి చూసింది. ఈ మూల గాలాడదంది. గుమ్మం పక్కన కిటికీ కింద వేయమంది, అక్కడైతే దారిన పోయేవాళ్లు పలకరిస్తారట. మంచం ఎక్కడ వేయాలో ఆమెనే అడగాలని నాకు తోచనే లేదు.

అడ్డంగా తిప్పి కిటికీ కింద వేశాం. పొట్టి కోళ్లున్న తలవైపు కుంగింది. దానికితోడు నేల వాలుకు గోడవైపు ఒరిగింది. అమ్మ పడుకుని లేవబోయింది, గట్టెక్కుతున్నట్టు అవస్థపడింది. చివరికి నా చెయ్యి కోసం చూసింది. రోజూ చాప మీద నుంచి చూసే చూపే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కింద అట్టముక్కలు పెడదామంది మా ఆవిడ. రోజూ కడిగే ఇల్లు, అట్ట నాని జారితే పడేది అమ్మ. కుదరదని కసిరాను. మళ్లీ రసమట్టం తీసుకుని, ఏ కోడు ఎంత కొయ్యాలా అని తల పట్టుకు కూర్చున్నాను.

"ఆ వాలు నానే పెట్టించాను నాయినా," అంది అమ్మ. "సేపల గంప దించి కడిగితే నీళ్లు బయటికి పోవాలని మేస్త్రీతో దెబ్బలాడి ఏయించాను. దాన్నేటి సేత్తావు? కోళ్లన్నీ ఒకలాగే కోసీ. వానజల్లు కొడితే మంచం మళ్లీ లోపలికి జరుపుకోవాలి కదా."

నాలుగు కోళ్లనూ పొట్టిదానికి సమానం చేశాను. ఎటు తిప్పినా ఇక తల కుంగదు. గోడవైపు మాత్రం నేలకున్న ఆ కాస్త వాలు మిగిలింది. రసమట్టం మళ్లీ పెట్టలేదు. పెడితే నేను ఊరుకోలేను.

అమ్మ కూర్చుని చూసి, ఒడ్డుకు లాగిన పడవలా ఉందంది, దొర్లి పడిపోయే భయం లేదంది. మంచం ఎత్తు తగ్గేసరికి ఆమె పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాయి. నేను అలవాటుగా చెయ్యి చాచాను. ఆమె పట్టుకోలేదు. పట్టె మీద అరచేతులు మోపి, పాదాలు అదిమి, మెల్లగా లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. నేను రంపప్పొట్టు ఊడ్చే పనిలో పడ్డాను.

ఆ సాయంత్రం అన్నం తిన్నాక అమ్మ మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. మా ఆవిడ అలవాటు కొద్దీ చిన్న గ్లాసుతో తెచ్చింది.

"సెంబుతో తే," అంది అమ్మ.

చెంబెత్తి, గుటకలు మాకు వినిపించేలా, చివరి చుక్క దాకా తాగింది.