కొండ మధ్యలో తెగిన బొమ్మ

మా నాయన నా కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నది పది సెకన్లు. గడియారం చూడలేదు కానీ, అంతకంటే ఎక్కువ కూర్చున్నాడని చెప్పడానికి నాకు మనసొప్పదు.

తొంభైల చివరి సంగతి. చిక్కడపల్లిలో ఒక గల్లీలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. నాయన క్రాస్ రోడ్స్ దగ్గర ఒక సినిమా హాల్లో ఆపరేటర్. ఇరవై ఏళ్ళుగా ప్రొజెక్టర్ నడుపుతున్న మనిషి. నేను డిగ్రీ ముగించి, ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి పత్రికలు కంపోజ్ చేస్తూ, దాచుకున్న జీతంతో అసెంబుల్డ్ కంప్యూటర్ కొనుక్కున్నాను. నేను అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో చేరి సర్కారీ కొలువు కొట్టాలని నాయన పట్టుదల. నా పిచ్చి వేరు. హిమాయత్‌నగర్‌లో యానిమేషన్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒకటి కొత్తగా తెరిచారు. కంప్యూటర్లో కొండలూ ఆకాశమూ పుట్టించే పని నేర్చుకోవాలని నాకు నిద్ర పట్టేది కాదు. కోచింగ్ బ్యాచ్ మొదలవడానికి రెండు వారాలుంది. ఆలోగా నాయన చేత 'సరే' అనిపించుకోవాలి.

మాటలు చెబితే నాయన వినడు. బొమ్మ చూపిస్తే వింటాడనుకున్నాను. అందుకే విమానం నడిపే గేమ్ ఒకటి ఎక్కించి, ఆయన మార్నింగ్ షోకి బయల్దేరే ముందు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. కింద కొండలు, కొండల మీద చెట్లు, చెట్లకు నీడలు. "ఇదంతా ఎవరూ ఫొటో తియ్యలేదు నాయనా, లెక్కలతోటి పుట్టించిన్రు," అని గొప్పగా చెబుతూ విమానాన్ని పక్కకు వంచాను.

కొండ నడుము దగ్గర తెగింది. కింద సగం ఒక పక్కకు జరిగింది, పై సగం ఇంకా పాత చోటే ఉంది. మధ్యలో అడ్డంగా గీత. విమానం తిరిగినంతసేపూ ఆ గీత కిందికీ పైకీ పాకుతూనే ఉంది.

"బొమ్మ తెగుతుంది బిడ్డా," అన్నాడు నాయన. "మా హాల్ల గిట్ల ఏస్తే కుర్చీలు ఇరగ్గొడ్తరు." కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అంతకుముందు నేనొక్కదాన్నే ఆడుకున్నప్పుడు కూడా ఆ గీత ఉండేది. నా కళ్ళు దానికి అలవాటు పడిపోయాయి. బొమ్మతో బతికే మనిషిని పిలిచి మరీ ఆ గీతను చూపించుకున్నాను.

నాకు మిషన్ అమ్మిన మెకానిక్ షాపు నారాయణగూడలో ఉండేది. రెండు రోజులు తిరిగితే మూడో రోజు ఇంటికొచ్చాడు. సీపీయూ మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసే డాక్టరులా కళ్ళు మూసుకుని, "వోల్టేజ్ అక్కా," అన్నాడు. స్టెబిలైజర్ తెచ్చాను. గీత పోలేదు. "అయితే ఎర్తింగ్," అన్నాడు. ఎర్త్ వైరు లాగించాను. గీత పోలేదు. "మీ ఓనర్ల మిక్సీ ఆడుతుందేమో చూడుండ్రి," అన్నాడు. సిగ్గు విడిచి మేడ మీదికి వెళ్ళి, ఒక్క అరగంట మిక్సీ వెయ్యొద్దని ఓనరమ్మగారిని బతిమాలాను. ఆవిడ ఇడ్లీ పప్పు నానబెట్టుకుని కూర్చుంది. నన్ను ఎగాదిగా చూసి, "దేనికమ్మా?" అంది. విమానం కోసం అని ఎలా చెప్పను? చదువు కోసం అన్నాను. మిక్సీ ఆగింది. గీత పోలేదు. ఆ ఇడ్లీలు మరునాడు గట్టిగా వచ్చాయని ఆవిడ వారం రోజులు మా అమ్మకు చెప్పింది.

ఇక నాలో ఏదో పూనింది. గేమ్‌లో కనిపించిన ప్రతి సెట్టింగ్ మార్చాను. రంగులు తగ్గించాను, పెంచాను. మానిటర్‌ను కిటికీ దగ్గరి నుంచి గోడ దగ్గరికి, గోడ దగ్గరి నుంచి బియ్యం డబ్బా పక్కకు మార్చాను. అమ్మ అన్నానికి పిలిస్తే కసురుకున్నాను. అమ్మ ఏం చేసింది పాపం? కానీ ఆ రోజుల్లో నాకు ఎదురుపడిన వాళ్ళందరి మీదా కోపమే. అన్నిటికంటే ఎక్కువ కోపం నాయన మీద. ఆయన రోజూ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "తెగుడు ఆగిందా?" అని మాత్రం అడిగేవాడు. పాత ప్రొజెక్టర్ తిప్పే మనిషికి కంప్యూటర్ గురించి ఏం తెలుసని ఆ ప్రశ్న, అని పళ్ళు కొరుక్కునేదాన్ని.

బ్యాచ్ మొదలవడానికి నాలుగు రోజులుందనగా నాయన టిఫిన్ క్యారియర్ మరిచిపోయాడు. మ్యాట్నీకి కాస్త ముందు తీసుకెళ్ళి క్యాబిన్‌లో పెట్టాను. మార్నింగ్ షో అయ్యాక ప్రొజెక్టర్‌లో ఏదో చక్రం మార్చారట. సినిమా మొదలైంది. తెర మీద పేర్లు పడుతున్నాయి, కానీ ప్రతి అక్షరానికీ పైకి సాగిన తెల్లటి తోక ఉంది. కింద హాల్లో ఈలలు మొదలయ్యాయి. నాయన చేసిన మొదటి పని దీపం ముందున్న రేకు మూత దించడం. తెర చీకటైంది. తర్వాత మిషన్ పక్కనున్న మర ఒకటి కొంచెం తిప్పి, మూత ఎత్తి చూశాడు. తోకలు పొట్టివయ్యాయి. మళ్ళీ దించి ఇంకొంచెం తిప్పి ఎత్తాడు. అక్షరాలు శుభ్రంగా నిలబడ్డాయి.

"ఏం చేసినవ్?" అన్నాను.

"రీలు ఒక బొమ్మకెంచి ఇంకో బొమ్మకు జరిగేటప్పుడు దీపం ముందల తిరిగే గీ రెక్క అడ్డమొస్తది. ఎలుగు పోదు, జరుగుడు కనపడదు. రెక్క జర తప్పిందనుకో, జరుగుడు జనం చూస్తరు. గంతే."

"మరి ముందే మూత ఎందుకు ఏసినవ్?"

"బొమ్మ తెగితే మొదలు ఎలుగు మూయాలె బిడ్డా. జనం చీకటినన్న ఓర్సుకుంటరు, తెగిన బొమ్మను ఓర్సుకోరు."

నేను క్రాస్ రోడ్స్ నుంచి ఇంటిదాకా దాదాపు పరుగెత్తాను. తెర ఒక బొమ్మను పైనుంచి కిందికి గీస్తుండగానే, కంప్యూటర్ లోపల బొమ్మలు తయారుచేసే కార్డు ఇంకో బొమ్మను అందిస్తోంది. అందుకే పైన పాత కొండ, కింద కొత్త కొండ. గీయడం పూర్తయ్యేదాకా ఆగమని కార్డుకు చెప్పే రెక్క ఒకటి ఎక్కడో ఉండాలి. ఉంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో లోపలెక్కడో 'వర్టికల్ సింక్' అని ఒక గడి. దాంట్లో టిక్కు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మిషన్ అమ్మిన రోజు మెకానిక్కే, "ఇది తీసేస్తే స్పీడొస్తది అక్కా," అని ఆ టిక్కు తీసేశాడు. స్టెబిలైజర్, ఎర్త్ వైరు, ఓనరమ్మగారి ఇడ్లీలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. దొరికితే అతన్ని ఆ ఎర్త్ వైరుతోనే కట్టేసేదాన్ని.

టిక్కు పెట్టాను. గీత పోయింది. కానీ విమానం కుంటడం మొదలుపెట్టింది. నా కార్డుకు అంత ఓపిక లేదు. తెర గీసే వేళకు బొమ్మ తయారుచేయలేక ఒక వంతు వదిలేసి మరో వంతుకు అందిస్తోంది. ఇక తీసెయ్యడమే మిగిలింది. మొదట నీడలు తీశాను. తర్వాత మబ్బులు. రిజల్యూషన్ తగ్గించాను. ఇంకా కుంటుతూనే ఉంది. చివరికి చెట్లు తీసేశాను. నాయనకు ముఖ్యంగా చూపించాలనుకున్నది ఆ చెట్లనే. అవి పోయాక విమానం నీళ్ళ మీద పడవలా నడిచింది. కింద బోడి కొండలు. గెలిచానో ఓడానో తెలియక ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్న నాయన మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి లేవలేదు. విమానం వంగినప్పుడల్లా ఆయన మెడ కూడా కొంచెం వంగింది. చాలాసేపటికి, "రెక్క కలిసింది," అన్నాడు.

"నీ దగ్గర చూసే నేర్సుకున్న నాయనా," అన్నాను. ఆ మాటతో పని అయిపోయిందనే అనుకున్నాను.

నాయన ముఖం మారింది.

"గందుకే వద్దంటున్న," అన్నాడు. "ఇరవై ఏండ్లసంది బొమ్మ మంచిగ ఏసిన. ఒక్కడన్న ఎనక్కి తిరిగి నా క్యాబిన్ కిటికీ దిక్కు చూసిండా? తెగితేనే తిరుగుతరు, తిట్టేతందుకు. నువ్వు గిన్ని దినాలు చేసింది గదే పని. చెట్లు తీసినవ్, నీడలు తీసినవ్, అన్నం మానినవ్. చూసెటోనికి ఏం తెలుస్తది? నా బిడ్డకు నా కొలువు వద్దు."

"చిన్నప్పుడు నేను చూసేదాన్ని గదా, నీ కిటికీ దిక్కు?"

"చూస్తుంటివి," అన్నాడు. "సినిమా ఇడిసిపెట్టి."

నాదీ తన కొలువే అన్న ఆయన మాటను ఆయన మిషన్ సాయంతో నేనే నిజం చేసి పెట్టాను. అది మింగుడుపడలేదు.

సోమవారం పొద్దున్న కోచింగ్ మొదటి క్లాసుకు అశోక్ నగర్ వెళ్ళే ముందు ఒక పని చేశాను. గేమ్ తెరిచి, సింక్ టిక్కు తీసేశాను. చెట్లు, నీడలు, మబ్బులు అన్నీ పెట్టేశాను. విమానం దానంతటదే గుండ్రంగా తిరిగేలా వదిలేశాను. కొండ మళ్ళీ నడుము దగ్గర తెగింది. నాయన స్నానం చేసి వచ్చేసరికి ఎదురుగా అదే కనిపించాలని, దాన్ని ఆయన ఎట్లా ఓర్చుకుంటాడో చూద్దామని, కావాలనే మానిటర్‌ను ఆయన తల దువ్వుకునే అద్దం వైపు తిప్పి పెట్టి వెళ్ళాను.

క్లాసులో రాజ్యాంగం చెబుతున్నారు. ఒక్క ముక్క ఎక్కలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాయన పనికి వెళ్ళిపోయాడు. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది, లోపల విమానం మోత వినిపిస్తోంది. మానిటర్ మీద మాత్రం నాయన కండువా కప్పి ఉంది, అంచులు రెండు పక్కలా సరిగ్గా సర్ది. కండువా లేకుండా ఆయన గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. తీయబోతుంటే అమ్మ వంటగదిలోంచి వచ్చి ఆపింది.

"బొమ్మ తెగిందట," అంది. "నువ్వొచ్చి సక్కజేసుకునేదాక ఎవ్వలు చూడొద్దని చెప్పి పోయిండు."