ఆడపడుచు మిషను చప్పుడు

మా ఆయనను కుట్టుమిషన్ల వీధిలో అందరూ నూనెడబ్బా అంటారు. పొడుగు ముక్కున్న చిన్న నూనెడబ్బా ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. దాని పుణ్యమా అని ఉన్న చొక్కాలన్నిటికీ మరకలే, ఉతకలేక నా చేతులు పడిపోయాయి. "ఇంకో పేరే దొరకలేదా వీళ్ళకి?" అని నేను విసుక్కుంటే, ఆయన మాత్రం బిరుదేదో ఇచ్చినట్టు మురిసిపోతారు.

రిపేరు పనిలో ఆయనకు ఒకటే పంతం. చప్పుడు ఉండకూడదు. కుట్టు తిన్నగా పడుతున్నా సరే, మిషను కిర్రుమంటే దాన్ని విప్పి నేలమీద పరవాల్సిందే. "మూలుగుతోందంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టేగా" అంటారు. మా ఇంట్లో తలుపు కిర్రుమనదు, మంచం కిర్రుమనదు. ఇక మిగిలినవి నా మోకాళ్ళే. ఒప్పుకుంటే వాటిలోనూ నూనె పోసేవారు.

ఆయన ఎంత బతిమాలినా మిషనుమీద చెయ్యి వేయనివ్వని మనిషి ఒక్కతే ఉండేది, ఆయన చెల్లెలు. పక్క వీధిలో ఒంటి గదిలో ఉంటూ ఆసుపత్రులకు దుప్పట్లూ దిండుగలీబులూ కుట్టేది. కాలితో తొక్కే పాత మిషను. తొక్కిన ప్రతిసారీ కిర్రుమని సాగదీసి, చివర్లో టక్కుమనేది.

"మెకానిక్ చెల్లెలి మిషను ఇలా ఏడుస్తుంటే నా పరువేం కావాలే?" అనేవారు ఈయన.

"ఉండనీలే అన్నయ్యా, అలవాటైపోయింది" అనేది. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె కూతుర్ని గువ్వ అంటాం. ఆటిజం ఉన్న పిల్ల. మాటలు రాలేదు. తండ్రి ఎప్పుడో ముఖం చాటేశాడు. కుక్కరు విజిల్ వేస్తే చెవులు మూసుకుని గోడకు తల బాదుకునే పిల్ల, ఆ మిషను కింద దూరి, ఇనుప కాలికి చెంప ఆనించి గంటల తరబడి కూర్చునేది. కూర్చుని సన్నగా కూనిరాగం తీసేది. తల్లి తొక్కినంతసేపూ రాగం, ఆపితే ఆగేది. ఏడుపు కాకుండా ఆ పిల్ల గొంతు మేం విన్నది అదొక్కటే.

నిరుడు మా ఆడపడుచు జబ్బుచేసి పోయింది. పిల్లల్లేని మా ఇంటికి గువ్వ వచ్చింది. వచ్చినప్పటినుంచీ కూనిరాగం లేదు. పెట్టింది తింటుంది, కిటికీ ఊచలు వేలితో తడుముతూ నిలబడుతుంది. చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంటుంది. మా ఆయన పనినుంచి వస్తూనే గుమ్మంలోనే అడిగేవారు. "ఇవాళేమైనా పాడిందా?" నేను తల అడ్డంగా ఊపితే, కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయేవారు.

అంతలో దాని పుట్టినరోజు దగ్గరపడింది. ఏమివ్వాలో మాకు తోచలేదు. అంతకుముందు ఆయన పాటపాడే బొమ్మ తెస్తే మంచం కిందికి విసిరేసింది. నేను కుట్టించిన గౌను మెడ దగ్గర గుచ్చుకుందేమో, ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. ఈసారి ఆయన మూడుచక్రాల సైకిలు కొందామనేసరికి నాకు ఒళ్ళు మండింది.

"మనకి ముద్దొచ్చేవన్నీ కొంటున్నామండీ! ఏం కావాలో చెప్పడానికి దానికి నోరు లేదు, కనిపెట్టడానికి మనకి బుర్ర లేదు" అన్నాను.

ఆయన జేబులోని నూనెడబ్బా తీసి అటూ ఇటూ తిప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "చెల్లి మిషను" అన్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. అంతకన్నా మంచి కానుక ఎవరికి తడుతుంది?

చెల్లెలి గదిలో దుప్పటి కప్పి ఉన్న మిషనును బండిమీద కొట్టుకు తీసుకెళ్ళారు. చెల్లెలు బతికుండగా చేయనివ్వని పని ఇన్నాళ్ళకు చేతికొచ్చింది. వచ్చిన గిరాకీని పక్కనపెట్టి దాన్నే పట్టుకు కూర్చున్నారు. బెల్టు మార్చారు. పెడల్ ఇరుసుకు తొడిగిన, అరిగిపోయిన బుష్‌లు పీకి కొత్తవి వేశారు. తీసినవన్నీ పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి, "చెవి పెట్టి వినవే" అన్నారు. విన్నాను. ఏమీ వినపడలేదు. "మీ చెయ్యే చెయ్యి" అని నేను కూడా మెచ్చుకున్నాను.

పుట్టినరోజున దుప్పటి తీశాం. గువ్వ చూసింది. మా ఇంట్లో అది పరుగెత్తడం అదే మొదలు. మిషను కింద తన చోట్లో దూరి, ఇనుప కాలికి చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది. ఆయన నవ్వుతూ తొక్కడం మొదలుపెట్టారు. చక్రం మెత్తగా తిరిగింది. గువ్వ ఎదురుచూసింది. ఆయన ఇంకా జోరుగా తొక్కారు. గువ్వ కళ్ళు తెరిచి పెడల్‌ను తడిమింది, పిడికిలితో గుద్దింది. ఎవరి ముఖంలోకీ చూడని పిల్ల తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

"చప్పుడు" అన్నారాయన. ఆ ఒక్క ముక్కే. చెప్పులు కూడా వేసుకోకుండా ఇనుము కొట్టుకు పరుగెత్తారు. సరుకంతా అప్పటికే కొలిమికి వెళ్ళిపోయిందట.

జీవితమంతా మిషన్ల నోళ్ళు మూయించిన మనిషి, ఇప్పుడు ఒక మిషను చేత కిర్రుమనిపించడానికి నానా తంటాలూ పడ్డారు. కిరసనాయిలుతో నూనె కడిగేశారు. ఎవరెవరి దగ్గరో అరిగిపోయిన బుష్‌లు అడిగి తెచ్చారు. ఇసుక కూడా పోశారు. చప్పుళ్ళు రాకపోలేదు. కీచుమంది, గరగరలాడింది, మూలిగింది. ప్రతిసారీ ఆయన కిటికీ వైపు చూసేవారు. గువ్వ తల తిప్పేది కాదు.

ఒక సాయంత్రం మాత్రం, కిర్రుమని సాగి, టక్కుమంది. వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది. గువ్వ గిర్రున తిరిగింది. "ఊఁ..." అని సన్నగా ఎత్తుకుంది. మళ్ళీ తొక్కేసరికి చప్పుడు మారిపోయింది. రాగం ఆగిపోయింది. ఆయన కాళ్ళు పట్టేసేదాకా తొక్కారు, అది మళ్ళీ రాలేదు. మిషనుమీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"ఉండనీలే అన్నదే... చెప్పిందేగా, ఉండనీలే అని."

పొయ్యి ఆర్పి ఆయన దగ్గరికి వెళ్ళాను. వీపుమీద చెయ్యి వేసి నిలబడ్డాను.

మిషను ఇంట్లోనే ఉంది. గువ్వ దాని దగ్గరికి పోదు. ఆయన గుమ్మంలో అడగడం మానేశారు. పనికి మాత్రం వెళుతున్నారు, జేబులో డబ్బా అలాగే ఉంది. మొన్న ఒక దర్జీ నన్ను ఆపి, "అన్నకి మతి సరిగ్గా ఉందా వదినా?" అని నవ్వాడు. మిషను విప్పి, నూనెడబ్బా వంచబోయి ఆగిపోతున్నారట. "ఈ చప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా కావాలేమో, ఒకసారి కనుక్కుని రా" అంటున్నారట.