పసుపు చల్లిన ఆముదాలు

మా కోడలు జుట్టుకు రాసుకోవడానికని ఫోనులో ఆర్డరిచ్చి చిన్న సీసా ఆముదం తెప్పించింది. ముందు పరదేశపు కంపెనీ పేరు, వెనక సన్నటి అక్షరాల్లో గింజలు ఇండియావని ఉంది. మన గింజలు సముద్రం దాటి, నూనెగా మారి, మళ్లీ మిర్యాలగూడలోని మా ఇంటికే వచ్చాయి. మూత తీసి చూశాను. వాసనే లేదు.

తుంగతుర్తి పక్కన మా ఊళ్లో ఆముదం వండిన రోజు వాడకట్టంతా తెలిసేది. పెంకలో వేయించిన గింజలను రోట్లో దంచి, పెద్ద కాగులో నీళ్లు పోసి మరిగిస్తుంటే పొగకు కళ్లు మండేవి, గొంతులో జిగట పట్టినట్టుండేది, అయినా పైకి తేలిన నూనెను నాయినమ్మ గరిటెతో మెల్లగా తీసి ముంతలో పోస్తుంటే పిల్లలం కదలకుండా చూసేవాళ్లం. దీపానికి అదే, బండి ఇరుసుకు అదే, పసిపిల్లల మాడుకు అదే. ఎప్పుడైనా ఒక ఆదివారం పొద్దున కడుపు శుభ్రం కావాలని ముక్కు మూసి మా నోట్లో పోసేదీ అదే. ఆ రోజు మధ్యాహ్నం మిరియాల చారు, మెత్తటి అన్నం తప్ప ఇంకేమీ దొరికేది కాదు.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను గానీ, అంతకు ముందరి సంగతులకు నా దగ్గర తేదీలు లేవు. ఇప్పుడు చెప్పబోయేది మా ఊరికి కరెంటు తీగలు కొత్తగా వచ్చిన చలికాలం నాటిది. ఆ ఏడు మా జతలో ఒక ఎద్దు చచ్చిపోయింది. ఒంటెద్దుతో మోట నడవదు. బావిలో నీళ్లున్నా పైకి తోడే దారి లేక, కింది వరిమడి నెర్రెలు బారింది. వాన మీదే ఆధారపడే చెలకలో పండిన ఆముదాలు మంచి ధరకు పోతే కరెంటు మోటరు పెట్టాలని, లేకుంటే మడి అమ్మి కూలికి పోవాలని నాయిన అమ్మతో అనడం విన్నాను.

ఎండిన గెలలను కల్లంలో కట్టెలతో కొట్టి, తూర్పారబట్టి, గింజలు కుప్ప పోశాం. అప్పుడే రైతుల పంట అమ్మిపెట్టే సూర్యాపేట అడ్తి దుకాణం నుంచి కబురొచ్చింది: బొంబాయి నుంచి ఎగుమతి కంపెనీ మనిషి వస్తున్నాడు, సరుకు నచ్చితే ఓడ ఎక్కిస్తాడు. విమానాల యంత్రాలకు కూడా ఆముదం పోస్తారట అని అడ్తిదారు చెప్పిన మాట ఊళ్లో అందరూ నవ్వుకుంటూ చెప్పుకున్నారు. నాయినమ్మ నవ్వలేదు. విత్తనం చల్లేముందు, కొత్త పంట కల్లం దాటేముందు పసుపు ముట్టించడం మా ఇంటి ఆనవాయితీ. నాయిన కిరాయి బండి మాట్లాడటానికి పోయిన సమయంలో ఆమె చెంబెడు పసుపునీళ్లు కలిపి కుప్ప మీద దోసిళ్లతో చల్లింది. తర్వాత దాన్ని సంచులకెత్తారు.

మార్కెట్లో ఆ మనిషి సంచిలో చెయ్యి పెట్టి తీశాడు. అరచెయ్యి పచ్చగా, తడిగా ఉంది. రంగు కలిపారనుకున్నాడు. తడి గింజ ఓడలో బూజు పడితే పక్క సరుకు కూడా చెడుతుందని హిందీలో గట్టిగా చెప్పి, వద్దని ముందుకు కదిలాడు. నాయిన సంచి మూతి కట్టబోయాడు. బండిలో మాతో వచ్చిన నాయినమ్మ కొంగు సర్దుకుని ఆ బొంబాయి మనిషికి అడ్డంగా నిలబడింది.

"ఆడివిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు పసుపు రాయకుంట పంపుతమా, అయ్యా? గంత దూరం పోయేటియి, ఉత్తగ ఎట్ల పంపాలె?"

అడ్తిదారు నవ్వాపుకుంటూ ఆ మాటను హిందీలో చెప్పాడు. ఆ మనిషి తన అరచెయ్యి వాసన చూసుకుని, ఆమె వైపు చూసి, మెత్తబడ్డాడు. ధర మాత్రం మాట్లాడలేదు. ఆరబెట్టి, శుభ్రంగా తుడిచి వచ్చే వారం అంగడికి తెస్తే అప్పుడు చూస్తానన్నాడు.

వాడకట్టంతా మా వాకిట్లోనే కూర్చుంది. ఎండలో పరిచిన గింజలను పిడికెడు పిడికెడు తీసి గోనెపట్టాల మీద రుద్దాం. పిల్లలం గింజల మీది చారలు చూసి ఇది చిరుత, ఇది పాము అని పేర్లు పెట్టుకున్నాం. అమ్మ పెద్ద గంజులో బొబ్బర్ల గుడాలు ఉడకబెట్టి మోదుగాకుల్లో పంచింది. పక్కింటి పెద్దమ్మ చేతులు నొప్పి పుట్టి అన్నది:

"అత్తా, లగ్గం నువ్వు జేస్తివి, అప్పగింతలు మాకొచ్చినయి."

"అప్పగింతలప్పుడు ఏడ్వాలె గని, గట్ల ఇకిలిస్తరేందే?" అంది నాయినమ్మ, తల ఎత్తకుండానే.

మరుసటి వారం అంగడిలో ఆ మనిషి ఒక గింజను పంటితో పగలగొట్టి, లోపలి తెల్లటి పప్పు చూసి, ఉమ్మేసి, తూకం వేయమన్నాడు. ఎండాకాలం రాకముందే మా బావి మీద మోటరు కూర్చుంది. మొదటిసారి గొట్టంలోంచి నీళ్లు దూకినప్పుడు నాయిన చెప్పులు విప్పి నిలబడ్డాడు.

నీళ్లు వచ్చిన చెలకను ఆముదానికి ఎవరు వదులుతారు? ఏడాదికి కొంత చొప్పున వరి పాకింది, తర్వాత కాలువ కూడా వచ్చింది. ఇవాళ మా తమ్ముడి కూతురు ఇక్కడ మిర్యాలగూడ రైస్ మిల్లులో, పరదేశాలకు పోయే బియ్యంలో తేమ ఎంతుందో చూసే ఉద్యోగం చేస్తుంది. ప్రభుత్వం బియ్యం ఎగుమతులు ఆపిన రోజుల్లో దిగులుగా ఉండేది. మళ్లీ తెరిచాక లారీలు కదిలాయని మా ఇంటికొచ్చి చెప్పి పోయింది. మోట పాట పాడేవాళ్లు లేరు, మా ఊళ్లో ఆముదపు చెట్టు చూపించమంటే చూపించలేను. వాటిని తలుచుకుంటే బెంగగానే ఉంటుంది. కానీ ఎవరూ ఎత్తుకుపోలేదు. వాటిని ఇచ్చి మేము నీళ్లు తెచ్చుకున్నాం. ఆ చెలకలో ఈ చలికాలం యాసంగి వరినాటు మొన్ననే ముగిసింది.