కాలేదని కూడా చెప్పాలన్న రజితక్క

ఈ ఉదయం ఆఫీసు ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలింది. ఉన్నట్టుండి రజితక్క గుర్తొచ్చింది. హనుమకొండలోని ఈ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆమెదే. నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది కూడా ఆమే. ఆమె లేదన్న సంగతి నా మనసుకు ఇంకా ఎక్కలేదు.

అప్పట్లో ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబులో ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రామును చూసుకునే పని మాకొచ్చింది. మొదటిరోజు అక్కతో వెళ్లేసరికి, నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె భర్త రిపోర్టు పట్టుకుని ఎదురొచ్చింది. దాని మీద దవాఖాన పేరు తప్ప ఇంకేమీ లేదు.

“కాయిదంల ఏం రాలే బిడ్డా. అంటే ఏ రోగం లేనట్టే గదా?” అని అడిగింది. ఆ ముఖంలో ఎంత ఆశో!

అక్క ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, “అట్ల గాదమ్మా, కంప్యూటర్ల పని కాలే. జర ఆగు, నేనే తెస్త” అంది. ల్యాబువాళ్లతో ఫలితం చేత్తో రాయించి, ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె భర్తకు రక్తం బాగా తగ్గిపోయిందట. ఆ పూటే ఆయన్ని దవాఖానలో చేర్చుకున్నారు.

తర్వాత చూస్తే, కంప్యూటర్ డిస్క్ నిండిపోయి రిపోర్టు ఫైలు రాయడం మధ్యలో ఆగిపోయింది. అది పట్టించుకోకుండా ప్రోగ్రాము ఖాళీ ఫైలునే ప్రింటర్‌కు పంపింది.

“కొత్త జావాస్క్రిప్ట్ వర్షన్ ఏసేద్దాం అక్కా, అండ్ల ఫైళ్లకు ప్రామిస్‌లు రెడీగ ఉంటయ్” అన్నాను. ఆ ప్రోగ్రాము రాసిన భాషే జావాస్క్రిప్ట్; ప్రామిస్ అంటే అందులో పని అయినా, కాకపోయినా కబురు చెప్పే పద్ధతి. ఆ కబురు అందాకే తర్వాతి పని మొదలవుతుంది.

“ఏస్తే రక్తం పరీక్ష చేసే మిషన్ బందైతది, అది పాతదాంతోనే నడుస్తది. పాతదాంట్లనే మనం రాసుకుందాం” అంది. ఫైళ్లు రాసే పాత ఫంక్షన్లను ఒక్కొక్కటిగా, అలా కబురు చెప్పేలా ప్రామిస్‌లో చుట్టడం పక్కన కూర్చుని చూపించింది. పని కాకపోతే చెప్పే భాగం అవసరమా అని నేను గొణిగాను. ఫైలు రాయడం ఎప్పుడోగాని ఆగదు కదా!

“గా ఎప్పుడో ఒక్కసారే ఆ అమ్మకొచ్చింది. కాకుంటే కాలేదని చెప్పాలె. సప్పుడు చేయకుంటే, ఎదురుచూసేటోళ్లు తమకు నచ్చిందే అనుకుంటరు తమ్మీ.”

కొన్నేళ్లకు అదే ల్యాబులో అక్క రిపోర్టు నేనే తీసుకోవాల్సి వచ్చింది. చదివితే, ఆమెకొచ్చింది పెద్ద జబ్బే. ఆమె బయట కుర్చీలో ఉంది. రేపు ఇస్తారట అని తప్పించుకోవాలనిపించింది.

“ఏమొచ్చింది?”

“మంచిగ లేదక్కా” అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. “చెప్పినవ్. ఇగ పా, డాక్టర్ ఏమంటడో ఇందాం” అంటూ లేచింది. ఆ ఏడాది దాటకుండానే పోయింది.

ఇప్పుడు ఆ ల్యాబులో మిషన్లూ కొత్తవే, కంప్యూటరూ కొత్తదే. ప్రామిస్‌లు రెడీగానే ఉంటాయి, చేత్తో చుట్టాల్సిన పని లేదు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు రాసిన ప్రోగ్రాము నా ముందుకు వస్తే మాత్రం, పని కాకపోతే ఏం చెబుతుందో ముందు అది చూస్తాను. చెడ్డ కబురు మోసుకెళ్లాల్సి వచ్చినప్పుడల్లా నా కాళ్లు ఇప్పటికీ వెనక్కే లాగుతాయి. అయినా వెళ్లి చెబుతాను. చెప్పాక వెంటనే వచ్చేయను, ఆ మనిషి లేచేదాకా పక్కనే ఉంటాను.