నడుము కాదు, ముడ్డిపూస

నాకు నొప్పి వచ్చింది వయసు వల్ల కాదు, షేరాటో వల్ల. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో నన్ను చూసిన ప్రతివాళ్ళూ “వయసు కదండీ” అనే అన్నారు.

గంపలగూడెంలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళి ఆటోలో తిరువూరు తిరిగి వస్తున్నాను. సీట్లన్నీ నిండాక డ్రైవరు అడ్డంగా ఒక చెక్క వేసి, “మామ్మగారూ, మీరు బక్కగా ఉన్నారు, ఇక్కడ పట్టేస్తారు” అని కూర్చోబెట్టాడు. బక్కగా ఉన్నానని చార్జీ తగ్గించాడా? లేదు. ఊళ్ళోకి వస్తుండగా స్పీడు బ్రేకరు చూసుకోకుండా ఎక్కించాడు. నేను ఎగిరి చెక్క మీద కాకుండా పక్కనున్న ఇనప కమ్మీ మీద పడ్డాను. సరిగ్గా వెన్ను చివర. కళ్ళు బైర్లు కమ్మాయి.

“కొత్తగా వేశారండీ బ్రేకరు” అన్నాడు వాడు. తప్పు బ్రేకరుదన్నమాట!

మాది కిరాణా షాపు. మా ఆయన పోయాక కూడా ఉదయంపూట గల్లా దగ్గర నేనే కూర్చుంటాను. మూడో తరగతితో బడి మానిపించినా, ఏ కందిపప్పులో పుచ్చులున్నాయో, ఏ బెల్లంలో కల్తీ ఉందో చూడగానే చెప్తాను. రోజు మొత్తంలో ఆ పొద్దుటి పూటే నాది. తక్కినదంతా ఇంట్లోవాళ్ళది.

మర్నాడు బల్ల మీద కూర్చుంటే మేకు దిగినట్టయింది. లేవబోతే ఇంకా ఘోరం. నడుస్తుంటే మాత్రం ఏమీ లేదు.

“ఏమైందమ్మా?” అన్నాడు మా అబ్బాయి.

“నడుము” అన్నాను.

ముడ్డిపూస అని కన్నకొడుకుతో ఎలా అంటాను? మా తరం ఆడవాళ్ళకి మెడ కింద నుంచి మోకాళ్ళ దాకా ఉన్నదంతా నడుమే. అలా పెంచారు మమ్మల్ని. మందులషాపులో ఉన్నది మగమనిషి, సూది వేసేది మగమనిషి. వాళ్ళకీ నడుమనే చెప్పాను. వాళ్ళు నడుముకే వైద్యం చేశారు. నూనె ఇచ్చారు, బిళ్ళలు ఇచ్చారు, బెల్టు కట్టించారు. ఆ బెల్టు కట్టుకుని కూర్చుంటే బరువంతా కిందికే దిగేది. ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించమన్నవాడు ఒక్కడు లేడు. పడ్డారా అని అడిగినవాడూ లేడు. డబ్బులు తీసుకోవడం, వయసు కదండీ అనడం. ఇదేం వైద్యం?

చివరికి మా అబ్బాయి, “ఇంక షాపుకి రాకమ్మా, ఇంట్లో పడుకో. గల్లా దగ్గర ఎవర్నయినా పెడతాలే” అన్నాడు.

“పడుకోవడానికి బోలెడు టైముంది. కాష్ఠంలో ఎవరూ లేపరు” అన్నాను. నవ్వాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

ఈ సంగతి తెలిసి పక్కింటావిడ వచ్చింది. కాళ్ళు ముందుగా వచ్చి పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. మా కోడలు అలా పుట్టిందే.

“వైద్యం ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నారేంటి పిన్నిగారూ?” అంది ఆవిడ.

“అమ్మో, అత్తయ్యగారి మీద కాలా? పాపం తగులుతుందండీ నాకు” అంది కోడలు.

“తర్వాత దణ్ణం పెట్టుకో. ఏ కోడలికొస్తుందే ఇలాంటి అదృష్టం!”

ఖర్చులేని వైద్యం కదా అని చాప మీద బోర్లా పడుకున్నాను. కోడలు కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, కాలు ఆనించింది. నూనె రాసిన ఒళ్ళేమో, మడమ జారి సరిగ్గా ఆ చోటే దిగబడింది.

“నడుము కాదే! ముడ్డిపూస! ముడ్డిపూస!” అని వీధి వీధంతా వినబడేలా అరిచాను.

గుమ్మంలో మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. “ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా!”

“ముందే అడగొచ్చు కదరా!”

ఆ సాయంత్రమే ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, వేలితో ఒక్కచోట నొక్కింది. ప్రాణం పోయినంత పనయింది. “ఇదీ జబ్బు” అంది. పడితే వస్తుందట. గట్టి బల్ల మీద గంటల తరబడి కూర్చున్నా వస్తుందట. కాన్పుల్లో దెబ్బతిన్నా, మరీ సన్నగా ఉన్నా, మరీ లావుగా ఉన్నా రావచ్చట. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడల్లా పెరుగుతుందట. అసలు నడుము నొప్పి వేరు, అందులో నరం నొక్కుకుంటే కాల్లోకి లాగుతుందని చెప్పింది. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఒంటికీ రెంటికీ తేడా వచ్చినా, జ్వరం తగిలినా, పడుకున్నా నొప్పి తగ్గకపోయినా వెంటనే రమ్మంది.

“ఎవరిచేతా తొక్కించుకోకండి. వేడి కాపడం పెట్టుకోండి, నీళ్ళు, ఆకుకూరలు ఎక్కువ తీసుకోండి. వెనకవైపు ఖాళీ ఉన్న దిండు మీద కూర్చోండి. కొన్ని వారాలు పడుతుంది. తగ్గకపోతే అప్పుడు ఎక్స్‌రే చూద్దాం.”

“షాపు మానెయ్యమంటారా అండీ?” అని మా అబ్బాయి నా ముందే అడిగాడు.

“ఎందుకు మానడం? మధ్యమధ్య లేచి నిలబడమనండి, వంగి బరువులెత్తొద్దనండి, చాలు.”

అదీ మాట! నేను వాడి ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను, ఒక పక్కకి ఒరిగి.

దిండు కొంటానన్నాడు. అక్కర్లేదన్నాను. పాత బొంత మడిచి, వెనక గాడి కోసి, నేనే కుట్టుకున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు, మధ్యాహ్నానికి సలుపుతుంది. అప్పుడు నిలబడి తూకం వేస్తాను. చూసినవాళ్ళు పాపం అంటే, పప్పు కావాలా ఉప్పు కావాలా అని అడుగుతాను.

మళ్ళీ షాపుకి వెళ్ళిన రోజు పొద్దున్నే తాళాలు ఇమ్మన్నాను. మా అబ్బాయి తెచ్చి చేతిలో పెట్టాడు.

“తాళం నేను తీస్తాను. షట్టరు నువ్వు ఎత్తు. నన్ను వంగొద్దన్నారు” అన్నాను.