లెన్స్ లేదంట!

అమ్మ పాత లెన్సు రింగు గీతల్లో పెళ్లిపసుపు ఇంకా ఉంది. నిన్న మదనపల్లె కెమెరా షాపతను దాన్ని చూసి, "ఇది ఇప్పటి కెమెరాలకు పట్టదక్కా, పారేసెయ్" అన్నాడు.

రీలు కెమెరాలు గుర్తున్నాయా మీకు? తొంభైల్లో పుంగనూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీసింది మా అమ్మ. చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేస్తూ, కెమెరా లోపల రెండుగా చీలి కనిపించే ముఖం ఒకటయ్యాకే నొక్కేది. కుప్పంలో ఒక పెళ్లికొడుకు మామ, కెమెరా పట్టుకున్న అమ్మనే అడిగాడు.

"ఫొటోగ్రాఫర్ యాడమ్మా?"

"నీ ఎదురుగానే ఉండానప్పా, ఇట్ల సూడు!" అని నొక్కేసింది.

ఈరోజు అడాప్టర్ రింగు కొని, ఆ లెన్సును నా డిజిటల్ కెమెరాకు బిగించాను. చేత్తో తిప్పే లెన్సును అది గుర్తుపట్టక, తెరమీద 'లెన్స్ లేదు' అని వచ్చింది.

ఈ పోస్టు పైన పెట్టిన ఫొటో ఆ 'లేని' లెన్సుతో తీసిందే. ఇట్ల సూడప్పా!