వేరుశనగ అని రాసిన పొగాకు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక పంట పేరు. పాపను నిద్రపుచ్చాక రోజూ అదే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గోరంట్ల దగ్గర మా ఊళ్లోనే అప్పుడు వ్యవసాయ సహాయకురాలిగా పనిచేసేదాన్ని. ఎవరి చేలో ఏ పంట ఉందో చూసి నమోదు చేయాలి. ఆ నమోదును బట్టే డ్రిప్పు పైపులకూ ఎరువులకూ రాయితీ వచ్చేది. వేరుశనగ వరుసగా ఎండిపోవడంతో నాయన ఆ ఏడు బోరు కింద పొగాకు వేశాడు. దానికి రాయితీ లేదు.

“సెనక్కాయ అని రాయమ్మా. ఎవరొచ్చి చూస్తారు?” అన్నాడు.

మా ఆఫీసు గోడ మీద పొగాకు ప్రాణాలు తీస్తుందని పెద్ద బొమ్మ ఉండేది. దాని కిందే కూర్చుని వేరుశనగ అని రాశాను. ప్రభుత్వం పొగాకుకు ఇవ్వని రాయితీని నేను ఇప్పించాను.

ఆకు కోతకు వచ్చినవాళ్లలో ఓబుళమ్మ ఉంది. నా ఈడుదే. అప్పుడామెకు ఐదో నెల. ఆ పొద్దున ఉన్నట్టుండి వాన అందుకుంది. మా వైపు వానే అరుదు, దానికి ఎవరూ చేను వదిలి పరుగెత్తరు. పచ్చి ఆకును చంకలో ఇరికించుకుని, తడుస్తూనే కోశారు. “యాడికి పోతావమ్మే, ఇంగెప్పుడు తడుస్తావు?” అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. గట్టు మీద నేనూ తడుస్తూ నవ్వాను.

మధ్యాహ్నానికి ఓబుళమ్మకు తల తిరిగింది. ఆగని వాంతులు. ఆ తడిచీరతోనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ నన్ను అడిగింది.

“ఏ చేలో పని చేసింది?”

“వేరుశనగ చేను, మేడం.”

“వానలో తడిసినాదిలే మేడం,” అన్నాడు వెనక నుంచి నాయన.

ఓబుళమ్మ మంచం మీద నుంచి నా వైపు చూసింది.

సెలైను పెట్టారు. ఆ చీర సాయంత్రం దాకా ఆమె ఒంటి మీదే ఉంది. మూడో రోజు కడుపు పోయింది.

తడిసిన పొగాకు ఆకు రసం చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని, వెంటనే బట్టలు మార్చి సబ్బుతో కడగాలని తర్వాత చదివాను. నిజం చెప్పి ఉంటే బిడ్డ దక్కేదా? తెలియదు. ఆ తెలియదు అనే మాట చాటున ఎన్నాళ్లు దాక్కున్నానో! డిగ్రీ చదివినదాన్ని. డాక్టరమ్మ అడిగినప్పుడు నేను తలచుకున్నది ఓబుళమ్మ కడుపునా, నా ఉద్యోగాన్నా? ఉద్యోగాన్నే.

అంతకంటే ఘోరం తర్వాత చేశాను. కడుపుతో ఉండి వానలో గంతులేసిందని ఓబుళమ్మను వాళ్లత్త ఊరంతా ఆడిపోసుకుంది. ఒకరోజు ఓబుళమ్మే నాతో అంది: “నాదే తప్పక్కా. వాన రాంగానే ఇంటికి పోయింటే బాగుండు. మీ చేను సంగతి నేనెవరికీ చెప్పలే.” నేను ఆమె చేయి పట్టుకున్నాను. తల కూడా ఊపాను, అవునన్నట్టు.

తర్వాత ఉద్యోగం మానేశాను. తల్లినయ్యాను. పాపకు ఒక్క వాంతి అయితే చాలు, గాబరాగా బట్టలన్నీ విప్పేస్తాను.

ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాను. నాయన ఈ ఏడూ పొగాకే వేశాడు. ఓబుళమ్మకు మళ్లీ మూడో నెల. నిన్న వీధిలో కనిపించింది.

“సోమవారం మీ ఆకు కోతకు వస్తాండా అక్కా. భయం లేదులే, మబ్బు కనపడితే చాలు, ఇంటికి ఉరుకుతా,” అని నవ్వింది.

ఆమె ఇప్పటికీ వానకే భయపడుతోంది. పొద్దున్నే మంచుకు తడిసిన ఆకు కూడా అంతే ప్రమాదమని ఆమెకు ఎవరు చెప్పారు? నేను చెప్పానా?

సోమవారంలోగా చెప్పాలి. చెబితే ఆమె ఇక నా ముఖం చూడకపోవచ్చు. నాయన మాట్లాడకపోవచ్చు. క్షమించమని అడగను, ఆ భారం కూడా ఆమె మీద ఎందుకు? ముందు ఇక్కడ రాస్తున్నాను, నోరు తిరగడానికి.

ఓబుళమ్మా, ఆ రోజు నీకు వాంతులైంది వాన వల్ల కాదు. పొగాకు వల్ల. డాక్టరమ్మకు ఆ మాట చెప్పకుండా దాచింది నేను.

రాశాను. నాలుగేళ్ల తర్వాత నిండుగా ఒక్క ఊపిరి తీసుకున్నాను.